మాజీ మామగారితో ఏటి ఒడ్డున

జూన్ 24, 1983

చేరాం. విమానం నీళ్ళ మీదే దిగి, మమ్మల్నీ సామాన్లనీ ఒడ్డున వదిలేసి వెళ్ళిపోయింది. అలాస్కాలో ఈ మూలకి రోడ్డు లేదు. మళ్ళీ ఆ విమానం వస్తేనే కొత్త మొహం కనిపించేది. వంటకి ఒక గుడారం, పడుకోవడానికి ఒక చెక్క గది. కిటికీ పక్క మంచం మామగారిది, పొయ్యి పక్కది నాది. ఏటేటా ఇంతే.

మామగారు అనే రాస్తున్నాను. కేథీతో విడాకులు మార్చిలో అయిపోయాయి. ఇల్లెవరికి, కారెవరికి అన్నీ కోర్టులో తేల్చారు గాని, ఆవిడ నాన్న ఎవరికి అన్నది ఎవరూ ఎత్తలేదు. నోటితో పిలిచేది మాత్రం వాల్టర్ అనే.

జూన్ 25

వాన. విడాకుల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చలికాలంలోనే ఇద్దరికీ చోటు బుక్ చేసి ఉంచాడు. మానేస్తానని నేననలేదు, రావద్దని ఆయననలేదు. అలా వచ్చేశాను.

జూన్ 29

నడుం లోతు నీళ్ళు. రబ్బరు ప్యాంటు ఛాతీదాకా ఉన్నా చలి ఎముకల్లోకి దిగుతోంది. దారం చివర ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగు... విసరడం, వాలుకి వదలడం, లాక్కోవడం, ఒకడుగు దిగువకి జరగడం. మళ్ళీ విసరడం. ఆయన ముందు, వెనక నేను, మాట వినపడనంత దూరంలో. సముద్రంనుంచి ఏట్లోకి ఎక్కాక సాల్మన్ చేప మేత ముట్టదట. ఆకలి లేనిదానికి ఎర చూపించే పని. నాకు బాగా సరిపోయింది.

ఏమీ పడలేదు.

జూలై 3

నాకో చిన్నది పడింది. కూరకి ఉంచుకున్నాం. చికాగోలో కొని తెచ్చిన చింతపండుతో పులుసు పెట్టాను. వంటావిడ బానీ ఒక ముద్ద తిని రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. తలకాయ మామగారికి వేశాను. ఆయన దాన్ని చూశాడు, అది ఆయన్ని చూసింది. మాలో పెద్దవాళ్ళకి వేసేది అదేనని చెప్పాను. మారు మాట్లాడకుండా చెమటలు కక్కుతూ తినేశాడు.

మా ఊళ్ళో, అరోరాలో, తెలుగువాళ్ళెవరూ నన్ను భోజనానికి పిలిచి చాలా కాలమైంది. కేథీ ఉన్నప్పుడు మీ దొరసానిని కూడా తీసుకురండి అనేవాళ్ళు. ఇప్పుడు జంట లేనివాణ్ణి ఎవరి పక్కన కూర్చోబెట్టాలో వాళ్ళకి తోచడం లేదు కాబోలు.

జూలై 4

వాన. ఏరు బురద. పేకాట. అన్ని ఆటలూ ఆయనే గెలిచాడు.

జూలై 6

విసిరేటప్పుడు నా మోచెయ్యి లేచిపోతోందట. వెనకనుంచి వచ్చి పట్టుకుని సరిచేశాడు. పట్టుకునే అడిగాడు, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని. అడిగి ఊరుకోలేదు, జవాబు కోసం ఆగాడు. పట్టడం లేదన్నాను. తల ఊపి తన చోటుకి వెళ్ళిపోయాడు.

జూలై 9

బంగాళాదుంపలు తరుగుతూ బానీ చెప్పింది. క్యాంపు రేడియోలో కబురొచ్చిందట. వచ్చే విమానంలో కేథీ, స్టీవ్ దిగుతున్నారు. స్టీవ్ అంటే ఆమె చేసుకోబోయేవాడు, నేనింతవరకూ మొహం చూడనివాడు. వాల్టరే రమ్మన్నాడా అనడిగాను. లేదు, వాళ్ళే వస్తామన్నారు, ఆయన సరేనన్నాడు అంది.

నాకు చెప్పలేదు.

కేథీ వెళ్ళిపోయినప్పుడు ఇంత బాధపడలేదు. రాసుకుంటే తప్పేముంది, చదివేదెవరు. ఆమె లేకపోవడం అలవాటైంది. ఈ ముసలాయన కూడా పోతే ఈ దేశంలో ఎలా ఉన్నావని అడిగి, జవాబు దాకా నిలబడే మనిషి నాకు ఉండడు. వచ్చే ఏడు పొయ్యి పక్క మంచం స్టీవ్‌ది.

జూలై 10

వాళ్ళు దిగే విమానంలోనే వెళ్ళిపోతాను. లెమ్మనేదాకా కూర్చోవడం మర్యాద కాదు. మామగారికి చెప్పాను. నీ ఇష్టం అన్నాడు.

ఉండమనలేదు.

జూలై 12



ఈ ఏడు ఆయనకి సాల్మన్లలోకెల్లా పెద్దదైన కింగ్ సాల్మన్ ఒక్కటి కూడా పడలేదు. భుజం మొరాయిస్తోంది, ఒప్పుకోడు. ఇవాళ వంపు దగ్గర నాకు పడింది. రీల్ గిర్రున తిరిగి దారం అవతలి ఒడ్డుదాకా పోయింది. అంత చేపని నా జన్మలో చూడలేదు. వాల్టర్ నీళ్ళు చిమ్ముకుంటూ పక్కకి వచ్చాడు. నేనేం చేశాను — గాలం రాడ్ ఆయన చేతిలో పెట్టబోయాను. ఆలోచించి చేసింది కాదు. పెద్దాయన పక్కన ఉండగా అంత చేప నేనెలా పడతాను?

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేనప్పటికే వదిలేశాను. రాడ్ నీళ్ళలో పడింది. వెతికి పట్టుకునేసరికి దారం వదులై ఉంది. చేప పోయింది.

ఇక్కడి పద్ధతి తెలియక కాదు. చేప గాలానికి ఉండగా రాడ్ చెయ్యి మారితే ఆ చేప ఇక ఎవరి లెక్కలోకీ రాదు. ఎన్నిసార్లు చెప్పాడో.

అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీది నువ్వెందుకు పట్టుకోవు?" అన్నాడు. మాలో పెద్దవాళ్ళకి... అని మొదలుపెట్టాను. వినలేదు.

"కేథీ విషయంలోనూ ఇంతే. ఎవడో వచ్చాడు, నువ్వు తప్పుకున్నావు. నువ్వది మర్యాద అనుకున్నావు. వదిలేశాడని మా అమ్మాయి ఏడ్చింది."

ఒడ్డెక్కి వెళ్ళిపోయాడు.

జూలై 13

నేనొప్పుకోను. పోతానన్న మనిషిని చెయ్యి పట్టి లాగాలా? లాగితే ఆగేదా? ఆయనకేం తెలుసు. ఏడ్చిందట... నా ముందు ఏడవలేదే.

కోపం వచ్చింది. చాలా కాలానికి, అసలైన కోపం. ఒక్కణ్ణే ఎగువకి పోయి భోజనం వేళదాకా విసిరాను. ఏమీ పడలేదు. భోజనం దగ్గర ఉప్పు కావలసి వస్తే ఆయనా నేనూ కూడా బానీనే అడిగాం.

జూలై 14

మాటల్లేవు. మామూలుగానూ మేం మాట్లాడుకునేది తక్కువే. అది ఇలా ఉండేది కాదు. గది నిండా నేనొక్కణ్ణే ఉన్నట్టుంది.

జూలై 16

ఒడ్డున దుంగ మీద కూర్చుని రాస్తున్నాను. విమానం వచ్చింది.

సంచి పక్కన పెట్టుకుని నిలబడ్డాను. ముందు కేథీ దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వెనక స్టీవ్. మంచివాడిలాగే ఉన్నాడు, అదో బాధ. నన్ను క్యాంపు మనిషి అనుకున్నట్టున్నాడు, తన బ్యాగ్ అందించబోయాడు. తర్వాత అనుమానం వచ్చి మామగారి వైపు చూశాడు.

"ఇతని పేరు రావు. మా అల్లుడు," అన్నాడు మామగారు.

జోక్ అనుకుని స్టీవ్ నవ్వాడు. మామగారు నవ్వలేదు. అలవాటుగా వచ్చిన మాటో, కావాలని అన్న మాటో ఆ మొహంలో ఏమీ తెలియలేదు. కేథీ నావైపు చూసింది, సరిదిద్దాల్సింది నేనే అన్నట్టు. ఇదివరకైతే ఆమె చూడకముందే సరిదిద్ది, స్టీవ్‌కి సారీ కూడా చెప్పేవాణ్ణి.

సరిదిద్దలేదు. "అవును, రావు" అని స్టీవ్‌తో చెయ్యి కలిపాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

వాళ్ళిద్దరూ గది దగ్గరికి వెళ్ళారు. మామగారు ఏమీ జరగనట్టు ఏట్లోకి దిగి విసురుతున్నాడు. ఇటు తిరిగి చూడడం లేదు. పైలట్ బానీ ఇచ్చిన కాఫీ తాగుతూ వస్తున్నావా అని రెండోసారి అడిగాడు. కాఫీ అయ్యాక చెప్తానన్నాను.

నెమ్మదిగా తాగుతున్నాడు, మంచి మనిషి.