మా ల్యాబ్‌లో నార్మల్ రక్తం నాదే

జనవరి 9

కొత్త పరీక్షకి కంట్రోల్ కావాలి. అంటే, పక్కన పెట్టి పోల్చడానికి ఏ తేడా లేని రక్తం. ఎప్పుడూ నాదే ఇస్తాను. నలభై ఆరేళ్లు, బీపీ లేదు, షుగర్ లేదు. మా అమ్మ వైపు అందరూ తొంభై దాటాక కూడా తగువులాడేవాళ్లే. నాకేం ఢోకా?

పరీక్ష బ్రిప్‌వన్ అనే జీన్‌కి. అది తయారుచేసేది ఒక హెలికేజ్. డీఎన్ఏ రెండు పోగుల పురి, దాన్ని విప్పడం హెలికేజ్ పని. పోగులు తెగినా, ఒకదానికొకటి అతుక్కుపోయినా, ముందు విప్పితేనే మరమ్మతు. ఈ జీన్ రెండు కాపీలూ పాడైతే బిడ్డకి ఎముకల మజ్జలో రక్తం సరిగ్గా తయారవదు. ఒకటే పాడైతే ఆడమనిషి నిక్షేపంగా తిరుగుతుంది, కానీ అండాశయం క్యాన్సర్ భయం నెత్తి మీద ఉంటుంది.

జనవరి 16

పేషెంట్ శాంపిల్ శుభ్రంగా ఉంది. కంట్రోల్‌లో ఒక కాపీ చెడింది. ట్యూబులు తారుమారు చేశావని టెక్నీషియన్‌ని నిలబెట్టి కడిగేశాను. తను, మళ్లీ చేద్దామా మేడమ్ అని మాత్రం అడిగింది.

జనవరి 17, ఉదయం 8

మళ్లీ రక్తం ఇచ్చాను. ఈసారి పరీక్ష నేనే చేస్తున్నాను.

జనవరి 20

తారుమారు కాలేదు. చెడిన కాపీ నాదే.

టెక్నీషియన్‌కి సారీ చెప్పాను. పర్లేదు మేడమ్, ముందు మీరు కూర్చోండి అంది. కూర్చున్నాను. అక్కకి ఫోన్ చేసి, మనింట్లో ఎవరికీ ఈ క్యాన్సర్ లేదే అన్నాను. మేనత్త కడుపులో నీరు చేరే కదే పోయింది, నీకప్పుడు ఊహ తెలీదు అంది అక్క. కడుపులో నీరంటే, అప్పట్లో పేరు పెట్టని అండాశయం క్యాన్సరే అయ్యుండాలి.

వచ్చిన ప్రతి పేషెంటునీ నాన్న వైపు సంగతులు కూడా చెప్పమని సతాయించేదాన్ని నేను. నా దగ్గరికొచ్చేసరికి అమ్మ వైపు చూసుకుని మురిసిపోయాను. భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. కోపమే నయం, పని చేయనిస్తుంది.

ఫిబ్రవరి 11

అక్కకి కూడా పరీక్ష చేశాం. తనకి లేదు. హమ్మయ్య.

ఫిబ్రవరి 14

స్కాన్ మామూలుగా ఉంది. తొందరేం లేదు, కొన్నాళ్లు ఆలోచించుకోండి అంది డాక్టరమ్మ. పిల్లలిద్దరూ నన్ను మించి పొడుగయ్యారు, అండాశయాలతో నాకిక పనేముంది, వాటి పక్కనుండే ఫాలోపియన్ ట్యూబులతో సహా తీసేయండి అన్నాను. ఇంటికొచ్చాక మా ఆయన, స్కాన్ బాగానే ఉందిగా అని గొణిగాడు. స్కాన్‌లో కనపడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే అని చెప్పాను. నా బ్యాగ్ సర్దడం మొదలుపెట్టాడు. మంచి మనిషి.

మార్చి 6

తీసేశారు.

మార్చి 15

రిపోర్టు వచ్చింది. ఒక ఫాలోపియన్ ట్యూబు చివర నువ్వుగింజంత క్యాన్సర్ మొదలైందట. ట్యూబుతోపాటే బయటికొచ్చేసింది. ఇంకెక్కడా లేదు. అక్క ఏడుస్తోంది. నాకు విపరీతంగా ఆకలేస్తోంది.