చిక్కమ్మ షెడ్డు

1961 ఫిబ్రవరి 6, సోమవారం

ఉద్యోగంలో చేరి నెల. వేప్పనపల్లి దారిలోని ఈ రాతి క్వారీకి నేను వెల్ఫేర్ ఆఫీసర్ని. హోసూరులో మా అమ్మ తన కొడుకు ఆఫీసరయ్యాడని అందరికీ చెబుతోంది. ఇప్పటిదాకా నేను చేసింది హాజరు పట్టీ దిద్దడమే.

ఈ రోజు మేనేజర్ శ్రీరంగప్ప గారు అసలు పని చెప్పారు. చిక్కమ్మను తీసేయాలి. ఇరవై ఏళ్లుగా కంకర కొడుతున్న మనిషి. పోయిన ఏడాది రాతి పలుకు ఎగిరి ఒక కన్ను పోయింది. రెండోది మసకబారుతోంది. డాక్టరు అన్‌ఫిట్ అని రాశాడు. లెటర్ టైపు చేశాను.

ఫిబ్రవరి 7

లెటర్ చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతుల దుమ్ము కొంగుతో తుడుచుకుంది.

"ఇంటికాడ నేనొక్కదాన్నే అప్పా. పొద్దుగూకేదాకా ఏం చేసేది?"

వేలిముద్ర తీసుకోకుండా లెటర్ జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 9

గనుల చట్టం తిరగేశాను. ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్ల పసిపిల్లలకు ఒక గది, చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలట. మా దగ్గర పిల్లలు వేపచెట్లకు కట్టిన చీర ఉయ్యాలల్లో దుమ్ము మింగుతున్నారు.

చట్టం చూపిస్తే, క్వారీకి దూరంగా ఖాళీగా ఉన్న షెడ్డు వాడుకోమన్నారు శ్రీరంగప్ప గారు. పిల్లల్ని చూసుకునే మనిషిగా చిక్కమ్మ పేరు చెప్పాను. ఒక నెల చూద్దామన్నారు. ఏదైనా జరిగితే పూచీ నాదేనన్నారు.

ఫిబ్రవరి 20

షెడ్డు అలికి నాలుగు ఉయ్యాలలు కట్టాం. ఒక్క బిడ్డా రాలేదు.

ఫిబ్రవరి 24

ఈ రోజూ రాలేదు. రాళ్లు మోసే పచ్చయమ్మను అడిగాను. ఆమెకు ఏడు నెలల కొడుకు. చూపు ఆనని మనిషి చేతికి బిడ్డనెలా ఇచ్చేదని మెల్లగా అంది. తప్పు పట్టలేకపోయాను.

చిక్కమ్మ ఖాళీ ఉయ్యాల ఊపుతూ కూర్చుంది. నా అడుగుల చప్పుడు విని, తాడు గట్టిగా ఉందో లేదో చూస్తున్నానంది.

మార్చి 3, సాయంత్రం, కృష్ణగిరి

ఉదయం చిక్కమ్మ నీళ్లకు వెళ్తూ వేపచెట్టు దగ్గర ఆగిందట. పచ్చయమ్మ కొడుకు నిద్రపోతున్నాడనే అందరూ అనుకుంటున్నారు. చిక్కమ్మ చెవి ఒగ్గి విని, బిడ్డను ఎత్తుకుని నేరుగా నా ఆఫీసుకు వచ్చింది.

"ఇది నిద్ర కాదప్పా. ఊపిరి గరగరలాడతా ఉండాది. డొక్క ఎగరేస్తా ఉండాడు, చెయ్యి పెట్టి సూడు."

బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. లారీ డ్రైవర్ మునియప్పను కేకేశాను. పచ్చయమ్మ తట్ట పడేసి పరుగెత్తుకొచ్చింది. కృష్ణగిరి ఆసుపత్రి దాకా బిడ్డ చిక్కమ్మ ఒళ్లోనే. ఊపిరి వింటూ, ఉందమ్మా, ఉందమ్మా అంటూనే ఉంది. పచ్చయమ్మ ఆమె భుజం వదల్లేదు.

న్యుమోనియా. ఇంకో పూట ఆగితే చేయిదాటేదన్నారు. లెటర్ ఇంకా జేబులోనే ఉంది. వరండాలో నిలబడి చించేశాను.

మార్చి 9

జ్వరం దిగింది.

మార్చి 20

పచ్చయమ్మ తానే బిడ్డను తెచ్చి చిక్కమ్మ ఒళ్లో పెట్టింది.

"నువ్వే చూసుకో అక్కా" అంది.

సాయంత్రానికి ఉయ్యాలలు నిండాయి. ఏడుపు వింటే ఎవరి బిడ్డో చెప్పేస్తోంది చిక్కమ్మ. శ్రీరంగప్ప గారు గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లారు. నెల గడువు మాట ఎత్తలేదు.

జూన్ 12

మధ్యాహ్నం బ్లాస్టింగ్ పదిహేను నిమిషాలు లేటు. రిజిస్టర్లో కారణం రాయాలి. షెడ్డులో పదకొండు మంది పిల్లలు అప్పుడే నిద్రపోయారు అని రాశాను. శ్రీరంగప్ప గారు చదివి సంతకం పెట్టారు.