పదకొండు సున్నాలు

నవీపేట్,
ఆగస్టు 21

బిడ్డా దీక్షితా,

నువ్వు పంపిన పరిశోధన కాగితాలు అందాయి. ఇంగ్లీషు కూడబలుక్కొని చదివేంతే వచ్చు నాకు. చివరి పేజీలో నా పేరు మాత్రం దొరికింది. నా ఇరవై రెండేళ్ల వాన పుస్తకాలు లేకుంటే ఈ పని అయ్యేది కాదని రాశావట. మీ అమ్మ చదివి చెప్పి, "మా అన్న పేరు యూనివర్సిటీకెక్కింది" అని వాడకట్టంతా తిరిగి వచ్చింది. నేను అన్నం సగంలో లేచాను.

ఫోన్‌లో చెప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

చెరుకు ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా ఉన్నప్పుడు వాన కొలిచే డబ్బా నా చేతికిచ్చారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక దాన్ని ఎవరూ వెనక్కి అడగలేదు. పెరట్లో పెట్టుకున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకు నీళ్లు గాజు గొట్టంలో పోసి చూడడం, పుస్తకంలో రాయడం. పక్క చేను లింబయ్య నవ్వేవాడు. "వాన పడ్డదో లేదో నెత్తికి తెల్వదా సాయన్నా, సీసానడగాల్నా?" మీ అత్త తారాబాయి ఇంకో మాట అనేది. "గా డబ్బా కాడ నిలవడ్డంత సేపు పొయ్యి కాడ నిలవడితే నాకో చాయ్ అన్న దక్కు."

ఆమె పోయింది మూడేళ్ల కింద, భాద్రపదంలో. కొరివి పెట్టినవాణ్ణి కదా, పదకొండు దినాలు మైల. ఒక మూలకు కూర్చోబెట్టారు. పుస్తకం ముట్టలేదు, డబ్బా దగ్గరికి పోలేదు. నాకు బదులు కొలవమని ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. పన్నెండో నాడు పోయి చూస్తే డబ్బా నిండి అంచు మీదుగా కారుతోంది. కింద పారబోశాను. లోపలికి వచ్చి పుస్తకం తీస్తే పదకొండు గడులు ఖాళీగా ఉన్నాయి. అన్నేళ్లలో ఒక్క గడీ ఖాళీ పెట్టినవాణ్ణి కాదు. వాటిని చూడలేకపోయాను. వరుసగా సున్నాలు పెట్టేశాను.

అంతే బిడ్డా. ఆ దినాల్లో వాన పడింది. మూడోనాడు బూడిద ఎత్తడానికి గొడుగు కింద పోయాము.

ఆ సున్నాలను చూసే నువ్వు రాశావు, పదకొండు దినాలు చుక్క లేకున్నా మన నేలలో పసుపు తట్టుకుందని, దిగుబడి తగ్గలేదని. మొన్న మాక్లూర్ రైతుల మీటింగులో అదే చెప్పారట. లింబయ్య సంబురంగా వచ్చాడు. "నీ మేనకోడలు మంచి ముచ్చట చెప్పింది. ఇగ వాన తెగినా పది దినాలు మోటర్ జోలికి పోను."

ఇప్పుడు వాన తెగి ఆరు రోజులు. ఆయన పసుపు ఆకు చుట్టుకుంటోంది. నిన్న నేనే పోయి ఆయన మోటర్ వేసి వచ్చాను. ఎందుకని అడిగితే ఆకు చూపించి వచ్చాను. లింబయ్య మోటరంటే వేయగలను. జిల్లాలో ఎన్ని మోటర్లని వేయను?

మీ యూనివర్సిటీ నుంచి ఏడాదికి వేల పరిశోధనలు వస్తాయని పేపర్లో చదివి మురిసిపోయేవాణ్ణి. అందులో ఒకటి నా అబద్ధం మీద నిలబడింది. నీ చదువు ఏమవుతుందో నాకు తెలియదు. తెలిసి కూడా ఊరుకుంటే మాత్రం నీకు మొహం చూపించలేను.

మీ మామ
సాయన్న


హైదరాబాద్,
సెప్టెంబర్ 2

మామా,

రెండు రోజులు నీ మీద చాలా కోపం వచ్చింది. పుస్తకాలు అడిగిన రోజే ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది. మూడో రోజు నీ ఉత్తరం మా గైడ్ రామస్వామి సార్ ముందు పెట్టాను. సార్ రెండుసార్లు చదివారు. "ఇరవై రెండేళ్లలో తప్పు పదకొండు దినాలేనా? మన మిషిన్లు నెలకోసారి పండుకుంటయి, ఒక్కటి కూడా ఒప్పుకోదు" అన్నారు. నేను నవ్వలేదు.

పత్రం వెనక్కి తీసుకుంటున్నాం. పసుపు రైతులకు ఆ సలహా చెప్పొద్దని అందరికీ రాశాం, మాక్లూర్‌కు నేనే ఫోన్ చేశాను. లెక్కలన్నీ మొదటి నుంచి చేయాలి. నా థీసిస్ ఎండాకాలానికి పోయింది. అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

కొత్త పట్టికలో ఆ పదకొండు గడులు ఖాళీగా వదిలేశాను. కింద ఒక వాక్యం పెట్టాను: "కొలిచే మనిషి ఇంట్లో చావు జరిగింది, ఈ దినాల్లో కొలత లేదు." ఇలాంటివి పత్రాల్లో రాయరు కదా అన్నారు సార్. ఉండాలన్నాను. ఉంచారు.

ఇంకెక్కడైనా ఇలాంటివి ఉంటే ఇప్పుడే చెప్పు.

దీక్షిత


నవీపేట్,
సెప్టెంబర్ 9

బిడ్డా,

ఇంకెక్కడా లేవు. పుస్తకాలన్నీ మొదటి నుంచి తిరగేశాను.

లింబయ్యకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం, "మూడోనాడు నీకు గొడుగు వట్టింది నేనే గదనే. నేను సగం తడిసిన. గా వాన నా నెత్తికి ఇంకా యాదికున్నది" అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ పుస్తకం తీశాను. పదకొండు సున్నాలు కొట్టేసి, పక్కన "కొలవలేదు" అని రాశాను. మూడోనాటి పక్కన ఇంకొక మాట చేర్చాను: "వాన పడింది. ఎంతో తెలియదు."

మీ మామ
సాయన్న