ఒక్క చుక్క కూడా కారదు

శంషాబాద్,
దసరా వెళ్ళిన ఆదివారం, 2012.

మనీషా వాళ్ళ బాపుకు, రేఖ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మనీషా క్షేమం. మస్కట్‌లో మీరూ క్షేమమే అయి ఉంటారు. నా ఫోన్ ఎత్తకుండా ఇంత పొడుగు ఉత్తరం రాశారంటే ఒంట్లో ఓపిక బాగానే ఉన్నట్టు.

అడిగిన వాటికి జవాబులు రాస్తున్నాను. పాపకు జ్వరం తగ్గిందా అని మీరు అడగలేదు. అయినా తగ్గింది. కారు ఆయిల్ ఇంకా కారుతోందా అని మాత్రం రెండుసార్లు అడిగారు. మీరు వెళ్ళినప్పటి నుంచీ కారుతూనే ఉండేది. రోజూ నేను వేసిన ముగ్గులోకి నల్లగా పాకేది. అప్పట్లో ఫోన్‌లో చెబితే, "ముగ్గు జర పక్కకు ఏస్కో" అన్నారు.

ఇప్పుడేమో మీ దోస్తు సత్తయ్యకు, అతని చెల్లెలు స్వరాజ్యానికి కారు అప్పజెప్పమన్నారు. ఆరాంఘర్‌లో ఆమె ఇంటి ముందు కొత్త బండలు పరిచారట, మరకలు పడతాయట. మెకానిక్కు ఇవ్వకుండా నన్నే బాగు చెయ్యమన్నారు. ఒక్క చుక్క కూడా కారొద్దని కింద గీత గీసి మరీ రాశారు. మా బాపు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మహేశ్వరం చెలక భూమి అమ్మి కొన్న కారు అది. ఆ మాట మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు.

సరే, చేశాను. మీరు కారు కింద పడుకుని రిపేరు చేసినప్పుడల్లా పక్కన లైటు పట్టుకున్నదాన్ని. ఒక పానాకు బదులు ఇంకో పానా అందిస్తే, "ఆడదానికి బండి గురించి ఏం తెలుస్తది" అంటూ కాలితో నెట్టేవారు. ఆ తన్నులతోనే పని నేర్చుకున్నాను. జాకీతో కారు ఎత్తి, కింద కంచెకు పాతే రాతి కడీలు పెట్టాను. పాత ఆయిలంతా బేసిన్లోకి దించాను. ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబరు విప్పి, చీకిపోయిన ప్యాకింగు గీకేసి, కొత్తది గమ్ముతో అతికించి, నట్లు ఎదురెదురుగా బిగించాను. పాత ఆయిలు పెరటి తలుపుకు చెదలు పట్టకుండా పూశాను. గమ్ము ఆరాకే కొత్త ఆయిలు పొయ్యాలని మీరే అనేవారు. అందుకని డబ్బా గోడ పక్కన పెట్టి పడుకున్నాను.

తెల్లారి వాళ్ళిద్దరూ వచ్చారు. స్వరాజ్యం మంచి మనిషే, నవ్వుతూ పలకరించింది. ఆమె మెడలో గొలుసు ఉంది. బస్సులో ఎవరో కొట్టేశారని మీరు చెప్పిన నా గొలుసు. కొక్కెం ఊడకుండా నేను చుట్టిన ఎర్ర దారం ఇంకా దానికే ఉంది. నాకు ఏడుపు రాలేదండీ. ఒళ్ళంతా మండిపోయింది.

"ఆయిల్ ఏమన్న కారుతదా వదినా?" అన్నాడు సత్తయ్య.

"వంగి చూడన్నా. ఒక్క సుక్క పడితే నన్నడుగు."

చాంబరు కింద చెయ్యి పెట్టి తుడిచి చూసుకున్నాడు. వేలికి తడి కూడా అంటలేదు.

"మా కొత్త బండలు ఖరాబైతయేమోనని భయపడ్డ అక్కా," అంది స్వరాజ్యం.

"మీ బండలకేం గాదమ్మా," అన్నాను.

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. శకునం బాగుండాలని నీళ్ళ బిందెతో ఎదురు కూడా వచ్చాను. మనిషన్నాక మర్యాద ఉండాలి కదా.

పూర్తిగా పొద్దెక్కకముందే సత్తయ్య ఫోన్ చేశాడు. "వదినా, ఆరాంఘర్ చౌరస్తల ఆగిపోయింది! ఇంజను పట్కపోయింది. ఎనక బస్సులోళ్ళు తిడుతున్నరు. ఏం జెయ్యాలె?"

"నాకేమెరుకన్నా? ఆడదానికి బండి గురించి ఏం తెలుస్తది? నీ దోస్తునడుగు," అన్నాను.

అతను మీకు ఇంకా చెప్పలేదేమో, నేనే చెబుతున్నాను. కొత్త ఆయిలు నేను పొయ్యలేదు. ఆ గొలుసు చూశాక డబ్బా మీద గోనెసంచి కప్పేశాను. సత్తయ్యకు ఆయిల్ ఎంతుందో గేజు తీసి చూసే అలవాటు లేదు. ఆయిల్ లేకపోతే వెలిగే ఎర్ర లైటుందే, కారు కిరాయికి తిప్పే రోజుల్లో అదెందుకు వెలిగిందని ప్యాసింజర్లు అడుగుతున్నారని దాని వైరు కోసేసింది మీరే. ఇంజను ఇక పనికిరాదు. నా చెలక పోయింది, కారూ పోయింది. అయినా ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నాను.

మీరు చెప్పినట్టే ఒక్క చుక్క కూడా కారలేదు. స్వరాజ్యం బండలు శుభ్రంగా ఉన్నాయి. మీరు వచ్చాక అక్కడికే వెళ్ళండి. లైటు పట్టుకోవడం ఆమెకు నేర్పుకోండి. ఇవాళ నేను ముగ్గు వాకిటి నడుమ వేసుకున్నాను.

ఇట్లు,
మీరు చెప్పినట్టు నడుచుకున్న ఇల్లాలు,
మనీషా తల్లి రేఖ.