కొంగు చివర నా పేరు

మార్చి 3

ఖలీల్ ఉస్తాద్ నవ్వాడు. నలభై ఏళ్లుగా మా మదన్‌పురా వాడ మగ్గాలకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీస్తున్నది ఆయనే. కంప్యూటర్‌లో చీర గీస్తావా బేటీ, బటన్ నొక్కితే రవికె కూడా కుట్టి పెడుతుందా, అన్నాడు. నేనేమీ అనలేదు. కాన్వెంట్‌లో బాగా నేర్చుకున్నది అదొక్కటే. కానీ శనివారానికి మా బాబాయి, అదే చాచా, మగ్గం ఖాళీ అవుతుంది. దాని మీదికి నా డిజైనే ఎక్కాలి.

మార్చి 5

మా గల్లీ పైన కరెంటు తీగల చిక్కు, వాటి మీద పావురాలు. ఫోటో తీసి ఫోటోషాప్‌లో నాలుగు వందల పిక్సెళ్ల వెడల్పుకు కుదించాను. పిక్సెల్‌కు ఒక పోగు. అంచులు బూజు పట్టినట్టు మసకబారాయి. రంగులెన్ని అని చాచా అడిగాడు. పదిహేడు. నా దగ్గర రంగు పోగుల కండెలు రెండే బేటీ, మిగతావి నీ పెళ్లికి దాచుకో, అన్నాడు.

మార్చి 7

రెండు రంగులే మిగిల్చాను. పావురం పొట్ట మీద జరీ పోగు పట్టు లేకుండా వేలాడుతుందని, చేతి గాజు తగిలితే పక్షి పేగులు బయటికొస్తాయని ఉస్తాద్ అన్నాడు. నిజమే. అందుకే ఇంకా కోపం. పోగు మధ్య మధ్య చిక్కుకునేలా పొట్టంతా చుక్కలు పెట్టాను, ఒక్కో పిక్సెల్ చొప్పున.

మార్చి 8

కళ్లు మండుతున్నాయి.

మార్చి 9

చాచా ఒప్పుకున్నాడు. మగ్గానికి డిజైన్ చెప్పే అట్ట కార్డులకు రంధ్రాలు కొట్టి దండగా కుట్టేవాడికి ఫైల్ పంపే ముందు, కొంగు చివరి ఖాళీ పట్టీలో నా పేరు చేర్చాను. ఎవరినీ అడగలేదు.

ఏప్రిల్ 2

మా మగ్గం మీద చీర ముఖం కిందికి ఉంటుంది. కింద అద్దం పెట్టుకుని చూస్తూ నేస్తారు. చాచా అద్దంలో నా పేరు చదివి మగ్గం ఆపేశాడు. మీ తాత పెట్టుకోలేదు, ఉస్తాద్ పెట్టుకోలేదు, నువ్వేమైనా నవాబువా, విప్పేస్తా, అన్నాడు. విప్పితే మొత్తం విప్పు చాచా, పావురాలూ నావే, అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. అరగంటకు మగ్గం మళ్లీ చప్పుడు చేసింది.

ఏప్రిల్ 4

మగ్గం మీంచి చీర కోసి తిప్పి చూశాం. కొంగు అడ్డంగా నా డిజైన్ ఆరుసార్లు వస్తుంది, ఆరు చోట్లా పేరు కుడి ఎడమలు తిరగబడి ఉంది. ముఖం కిందికి నేసేదానికి అక్షరాలు తిరగేసి గీయాలి. నాకు తట్టలేదు. అద్దం నా తప్పును సరిచేసి చూపించింది. జిన్నులు చదువుకుంటాయిలే, అన్నాడు ఉస్తాద్. కొనుక్కున్న సేఠ్ ఇలాంటిదే ఇంకోటి కావాలన్నాడు, పేరు లేకుండా. పేరుంటుంది అన్నాను. చాచా నేల చూశాడు.

ఏప్రిల్ 7

చాచా ఇంకా నాతో మాట్లాడటం లేదు. రెండో చీర మొదలైంది. పేరున్న కార్డులు తీసేసి ఉంటాడనుకుని వెతికాను. ఉన్నాయి. ఒక్కొక్కటీ తిరగేసి మళ్లీ దండలో కుట్టాడు. ఈసారి సరిగ్గా పడుతుంది.