పన్నెండో రీలు

బుక్కరాయసముద్రం,
12-6-2003, గురువారం.

తిప్పన్నకు వెంకటేశులు నమస్కారం. ఇక్కడ నేను బాగున్నాను, వాన మాత్రం లేదు. గుంతకల్లులో మీరంతా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ముప్పై నాలుగేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఉలిక్కిపడినావేమో. పడు. ఊరంతటినీ భయపెట్టినవాడికి ఆ మాత్రం ఉండాల.

1969లో నువ్వు తప్పిన మాట గుర్తుందా? నారాయణప్ప టెంటు సినిమాలో నువ్వు ఆపరేటరువి. నాకు పెండ్లయిన కొత్త. దెయ్యాల బొమ్మయితే రానని సుబ్బలక్ష్మమ్మ మొండికేస్తే, నువ్వే మా గడప దగ్గర నిలబడి, ఇది సంసారాల కథ వదినా, దెయ్యం గియ్యం ఏమీ ల్యా, ఉంటే నా మిషన్ తీసకపోయి చెరువులో పారేస్తా అన్నావు. నమ్మి వచ్చింది. ఏం జరిగింది? కోడలు చచ్చిపోయింది. అత్త ఏడ్చింది, పాడె లేచింది. నువ్వు దీపం వేసి, రీలు మార్చి, దీపం ఆర్పినావు. అదే కోడలు జుట్టు విరబోసుకుని పొయ్యి ముందర కూర్చుని ఊదుతా ఉంది! తల తిప్పి నవ్వింది కూడా! టెంటంతా కెవ్వుమంది. ఇసకలో కూర్చున్న ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరుగు. సుబ్బలక్ష్మమ్మ గోళ్లు నా మణికట్టులో దిగబడినాయి. ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

నేను నీ చొక్కా పట్టుకుంటే, నా పిచ్చర్లో దెయ్యం ల్యా, నీ కండ్లలో ఉండాదేమో పో అన్నావు. ఆ పొద్దు నుంచి మనకు మాటల్లేవు.

నీకేం, రెండేళ్లకు నారాయణప్ప టెంటు ఎత్తేస్తే గుంతకల్లు చేరుకున్నావు. అనుభవించినది నేను. పొద్దు గూకితే సుబ్బలక్ష్మమ్మ ఒంటరిగా వంటింట్లో అడుగు పెట్టేది కాదు. పొయ్యి దగ్గర ఎవరో ఉన్నట్లుంది, మీరు రాండి అనేది. అంతకు ముందు ఆ వేళకు నేను యాడ ఉండేవాణ్ణో నీకు తెలుసు, మీ టెంటు వెనక పేకాటలో. అది పోయింది. పీట వేసుకుని ఆమె పక్కన కూర్చుని ఊరికే ఏం చేయాలో తెలియక చదవడం మొదలు పెట్టినాను. పంచాయతీ లైబ్రరీ అయిపోయింది, రష్యా వాళ్ల లావు నవలలు అయిపోయినాయి. నన్నందరూ బాగా చదువుకున్నోడంటారు. అంతా పొయ్యి పొగలో చదివిన చదువు.

ఒక్కటే నాకు వింత. టీవీ వచ్చినాక ఆమె దెయ్యాల సీరియల్ ఒకటీ వదిలేది కాదు. గోడల్లోంచి చేతులొస్తుంటే శెనక్కాయ బుడ్డలు ఒలుచుకుంటా, ఏమప్పా ఈ దెయ్యానికి అంత మేకప్పు అని ఎగతాళి చేసేది. నాకేమో చెమటలు. కానీ నీ టెంటు కోడలు మాత్రం చివరిదాకా ఆమెను వదల్లేదు. ఆమె పోయి రెండేళ్లు. సాయంత్రమైతే నేను ఇప్పటికీ ఆ పీట మీదే కూర్చుంటాను.

ఇప్పుడు అసలు సంగతి, తిప్పన్నా! మొన్న మంగళవారం పగలు మా కేబులువాడు అదే సినిమా వేసినాడు! లేచి బయటికి పోదామనుకున్నాను, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను. పొయ్యి దగ్గర కోడలు వచ్చింది. నవ్వింది. అప్పటికి బతికే ఉంది! తలంటి పోసుకుని జుట్టు ఆరబెట్టుకుంటా వంట చేస్తాంది, అంతే! చావడం ఆ తర్వాత! నేను ఒంటరిగా ఇంట్లో చప్పట్లు కొట్టినాను.

ఆ కాలంలో ఊళ్లో థియేటరుకూ మీ టెంటుకూ ఒకటే రీళ్ల పెట్టె. వాళ్లు ఆడేసిన రీలు సైకిలు మీద చెరువు కట్ట దాటి నీ దగ్గరికి వచ్చేది. ఆ పొద్దు వంట ఉన్న పదకొండోది ఆలస్యమై, చావు ఉన్న పన్నెండోది ముందు వచ్చింటాది. జనం ఈలలు వేస్తుంటే నంబరు చూడకుండా ఎక్కించినావు. పదకొండోది తర్వాత తగిలించినావు. సంసారాల కథను దెయ్యాల కథ చేసినావు కదప్పా! నువ్వు చెప్పింది అబద్ధం కాదు, కానీ ముప్పై రెండేళ్లు ఒక ఆడమనిషిని వణికించింది నీ చేతులే. అది మాత్రం నేను క్షమించను.

ఇట్లు,
వెంకటేశులు.

తా.క. శనివారం. జాబు పోస్టు చేయకముందే మా మరదలు, సుబ్బలక్ష్మమ్మ చెల్లెలు బయమ్మ, ధర్మవరం నుంచి వచ్చింది. ఉత్సాహం పట్టలేక అంతా చెప్పినాను. ఆమె ఆశ్చర్యపోలేదు, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. 1970లో అక్కాచెల్లెళ్లిద్దరూ ధర్మవరంలో అదే సినిమా సరైన వరుసలో చూసినారంట. అక్క పొట్ట పట్టుకుని నవ్విందంట. మీ బావకు చెప్పొద్దు, దెయ్యం పోతే ఆయన మళ్లీ తిప్పన్న టెంటుకు పేకాటకు పోతాడు అని ఒట్టు వేయించుకుందంట.

పైన రాసిన చివరి మాట కొట్టేస్తున్నానని అనుకో. 22వ తేదీ ఆదివారం పదకొండు గంటలకు ఆ సినిమా మళ్లీ వేయమని కేబులువాణ్ణి ఒప్పించినాను. పొద్దున బండికి రా. రెండో పీట కూడా ఉంది. ఇంకమీదట నేను తప్పు పట్టేది నిన్ను కాదు, ఒకే ఒక మనిషిని: సుబ్బలక్ష్మమ్మను.