నీ తాళాల గుత్తిలో నా కంప్యూటరు

చిరంజీవి మనవడికి,

నేనేదో నొక్కి చెడగొట్టానన్నావు ఫోన్లో. నేను నొక్కింది ఆన్ బటన్ ఒక్కటే నాయనా. విండోస్ ముసలిదైందని పీకేసి లినక్స్ ఎక్కించావు. నువ్వున్న రెండు రోజులూ అది బుద్ధిగా లేచింది, నా జ్ఞాపకాల పుస్తకం చివరి అధ్యాయం టైపు చేసుకున్నాను. నువ్వు గడప దాటాక నల్లటి తెర చూపించి, బూట్ చెయ్యడానికేమీ దొరకలేదంటోంది.

పక్కింటి లెక్కల మాస్టారూ నేనూ కూర్చుని తేల్చాం. దాన్ని నిద్రలేపే బూట్‌లోడర్‌ని నా డిస్కులో కాకుండా నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టావు. అది తాళాల గుత్తికి తగిలించుకుని ఊరేగుతున్నావు. ఇంజనీరువి మరి!

శుక్రవారానికి అధ్యాయం అందకపోతే అచ్చాఫీసాయన పుస్తకాన్ని వచ్చే ఏడాదికి నెడతాడట. డెబ్బై తొమ్మిదేళ్లదాన్ని, ఏడాదులు అప్పనంగా ఇచ్చెయ్యలేను. అందులో నీ గురించి రెండు మంచి మాటలున్నాయి, మార్చే వీలు ఇంకా ఉంది.

బుధవారం మీ అమ్మ ఇక్కడికొస్తోంది. పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి దాని హ్యాండ్‌బ్యాగులో నువ్వే వెయ్యి. ఈలోగా అందులో పాటలెక్కించకు.

అమ్మమ్మ